లేసు అల్లికకు నమూనాలు వెదకుట, చదువుట

పసుపు ఉడుకబెట్టి, ఆరబోసి, మార్కెట్టునకు తోలిన పిమ్మట, మిర్చి కల్లములు ఎత్తిన పిమ్మట, మృగశిర కార్తె ప్రవేశించువరకు మన కేసముద్రపు ప్రాంతమున సేద్యపు పనులు పలుచబడుట రైతు సోదరులకు విదితమే. ఆ దినములలో ఇంటిపట్టున నుండు మన స్త్రీలలో లేసు అల్లిక నేర్చినవారు కొందరు కలరు. సూది పట్టుట, గొలుసు వేయుట, గుండ్రని పువ్వు అల్లుట వారికి వచ్చును. అయినను ఏమి అల్లవలెను, నమూనా ఎచట దొరకును, దొరకిన నమూనాను ఎట్లు చదువవలెను అను ప్రశ్నలు మా కార్యాలయమునకు పలుమారు వచ్చుచున్నవి. వ్యవసాయ సంఘపు పత్రికలో లేసు ప్రసంగమేల యని సభ్యులు కొందరు తలంపవచ్చును. నమూనా ఎవరి చేతిలో నుండునో, ధర చెప్పు అధికారమును వారి చేతిలోనే యుండును. విత్తనమునకు అప్పుపడి, అడ్తిదారు చెప్పిన ధరకు సరకు తూచి వచ్చిన రైతునకు ఈ మాట క్రొత్త గాదు.

ఇందులకు నరసాపురము కంటె వేరు సాక్ష్యము అక్కరలేదు. గోదావరి తీరమునందలి ఆ పట్టణమున 1844 ప్రాంతమున మెక్రే యను స్కాట్లండు దేశపు మతబోధకుడును, ఆయన భార్యయు స్థానిక స్త్రీలకు ఈ అల్లికను నేర్పిరని చెప్పుదురు. అది క్రమముగా పాలకొల్లు మొదలగు చోట్లకును, చుట్టుప్రక్కల పల్లెలకును వ్యాపించి, విదేశములకు ఎగుమతియగు సరకు అయ్యెను. పని పెరిగినకొలది అది ముక్కలయ్యెను. ఒక ఇంట పువ్వులు మాత్రమే అల్లుదురు. వేరొక ఇంట ఆ పువ్వులను చేర్చు అతుకుపని మాత్రమే చేయుదురు. వర్తకుని మనిషి నూలు తెచ్చి యిచ్చును, అల్లినదానిని తీసికొని కూలి లెక్కకట్టును. పువ్వు అల్లిన యామె, ఆ పువ్వు చేరిన బల్లగుడ్డ పూర్తి రూపమును చూడకయే ముసలిదగుట కలదు. జర్మనీ దేశపు సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ప్రాంతమున పరిశోధన చేసి, 1982లో వారినిగూర్చి యొక గ్రంథము ప్రకటించినది. వారి సంపాదన వ్యవసాయ కూలికంటె చాల తక్కువ యనియు, వారు శ్రామికులుగా గాక, తీరిక వేళ పొద్దుపుచ్చు గృహిణులుగా నెంచబడిరనియు ఆమె చూపినది. దినమునకు ఆరేడు గంటలు సూది ఆడించుట తీరిక యెట్లగునో మాకు బోధపడదు.

పిమ్మట 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద ఆ ప్రాంతపు స్త్రీలు సంఘములుగా నేర్పడిరి. ఆ సంఘములకు అలంకృతి యను సమాఖ్య కలదు. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను. మనము వారి సరకును అనుకరించి అదే పేరున అమ్మరాదు; అల్లు విద్య మాత్రము ఎల్లరిదియును.

ఈ విద్య అచ్చుపుటలకు ఎక్కినది ఇన్నూరేండ్ల క్రిందట. 1823లో హాలండు దేశమున వెలువడిన పెనెలోపి యను పత్రికయందు ముద్రితమైనవే మనకు తెలిసిన తొలి క్రోషే నమూనాలు. తరువాత ఇరువదియేండ్లకు ఐర్లండునందు బంగాళదుంప పైరునకు తెగులు తగిలి, 1845 మొదలు కొన్ని సంవత్సరములు ఘోరమైన కరవు వచ్చెను. దుంప తప్ప వేరు ఆహారము లేని రైతు కుటుంబములవారు లక్షలకొలది నశించిరి. అప్పుడు సన్యాసినుల మఠములలో ఆడపిల్లలకు ఈ అల్లిక నేర్పగా, లేసు అమ్మి గింజలు కొనుక్కొని ప్రాణములు నిలుపుకొన్న ఇండ్లు అనేకము. ఆ కాలముననే రియేగో యను నామె లండనునందు నమూనా పుస్తకములను వరుసగా ప్రకటించుచుండెను. 1886లో తెరేస్ ద డిల్మాంట్ వ్రాసిన సూదిపనుల విజ్ఞాన సర్వస్వము వెలువడెను. అందలి క్రోషే ప్రకరణము నేటికిని పనికివచ్చును. బొమ్మలు చూచియే సగము గ్రహింపవచ్చును.

ఇక వెదకు చోట్లు. డిల్మాంట్ గ్రంథము గూటెన్‌బర్గ్ ప్రాజెక్టను విద్యుత్ గ్రంథాలయమున ఉచితముగా దొరకును. చేతిఫోనులో తెరచి, కావలసిన పుటలను మండల కేంద్రములోని జిరాక్సు దుకాణమున కాగితముపై తీయించుకొనవచ్చును. వెల్డన్ సంస్థవారి పాత ఆంగ్ల సంపుటములు మొదలగునవి కూడ అట్లే లభించును. మన రైలు దారికి రెండు కొసలయందును పాత పుస్తకముల బజారులు కలవు: హైదరాబాదు అబిడ్సులో ఆదివారము నాడు కాలిబాటమీద పరచు పుస్తకములును, విజయవాడ లెనిన్ సెంటరు దుకాణములును. పోటీ పరీక్షల పుస్తకముల క్రింద నలిగియున్న పాత స్త్రీల పత్రికలను ఓపికతో తిరగవేసినచో కుట్లు, అల్లికల పుటలు దొరకును. బేరమాడుటకు ముందు నమూనా పుటలు చింపబడక యున్నవో లేదో చూడుడు; అందరును చింపుకొనునవి ఆ పుటలే. యాంకర్, డి.ఎం.సి. మొదలగు నూలు కంపెనీలవారును నమూనాలను ప్రకటింతురు. అవి వారి నూలు అమ్ముడగుటకు వ్రాసినవని మరువక, అదే నెంబరుగల వేరొక నూలును వాడి చూడవచ్చును.

అన్నిటికంటె నమ్మదగిన నమూనా మాత్రము అల్లిన లేసే. పెట్టె అడుగున నాయనమ్మ నాటి దిండుగలీబు అంచు ఉన్నచో, దానిని వెలుతురునకు పట్టి కుట్లు లెక్కింపుడు. అచ్చులో తప్పు పడవచ్చును. అల్లినదానిలో తప్పున్నచో కంటికి కనబడును.

నమూనా కొనుటకు ముందు నాలుగు విషయములు చూడవలెను. నూలు నెంబరు ఇచ్చినారా? సూది కొలత ఇచ్చినారా? పూర్తియైన వస్తువు పొడవు వెడల్పులు వ్రాసినారా? బొమ్మలో కుట్లు విడివిడిగా కనబడుచున్నవా? నూలు నెంబరు పెరిగినకొలది పోగు సన్నమగును. నేతనూలు సంగతి తెలిసిన పత్తి రైతునకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. 20 నెంబరు నూలునకు సుమారు 1.25 మిల్లీమీటర్ల సూది, 40 నెంబరునకు 1 మిల్లీమీటరు సూది సరిపోవును. క్రొత్తగా నేర్చువారు 20తో మొదలిడుట మేలు.

ఇప్పుడు మిక్కిలి చిక్కైన సంగతికి వచ్చుచున్నాము. ఇంగ్లండువారి పుస్తకములును, అమెరికావారి పుస్తకములును ఒకే భాషలో నుండియు, కుట్ల పేర్లు వేరుగా నున్నవి. ఇంగ్లండువారు డబుల్ అనునది పొట్టి కుట్టు. అమెరికావారు దానినే సింగిల్ అందురు. ఇంగ్లండువారి ట్రెబుల్ నిలువైన పొడుగు కుట్టు. అమెరికావారు దానినే డబుల్ అందురు. కావున డి.సి. యను రెండక్షరములు ఒక పుస్తకమున పొట్టి కుట్టును, మరియొక పుస్తకమున పొడుగు కుట్టును తెలుపును. మా ఇంటనే యొక వేసవిలో అమెరికా పుటను ఇంగ్లండు రీతిని చదివి, గుండ్రని బల్లగుడ్డను పొట్టి కుట్లతో అల్లుట జరిగెను. ఐదు వరుసలు తిరుగుసరికి దాని అంచు నూనెలో వేసిన అప్పడమువలె అలలుగా లేచెను. ఆరవ వరుసలో సరియగునని తలంచి ఇంకను అల్లిరి. నూలు ఉండ యొకటి చెల్లిపోయెను.

కారణము తెలిసికొన్నచో తప్పును తొలి వరుసలలోనే పట్టవచ్చును. గుండ్రని అల్లిక చదునుగా నుండుటకు, పొట్టి కుట్లైనచో వరుసకు సుమారు 6 కుట్లు, పొడుగు కుట్లైనచో సుమారు 12 కుట్లు పెంచవలెను. పొట్టి కుట్టునకు 12 చొప్పున పెంచినచో అంచు ఎక్కువై అలలు లేచును. పొడుగు కుట్టునకు 6 మాత్రమే పెంచినచో అంచు చాలక గిన్నెవలె లోపలికి ముడుచుకొనును. ఈ రెంటిలో ఏది కనబడినను సూది దించి, పుస్తకము ఏ దేశపుదో చూడవలెను. సింగిల్ అను మాటతో పొట్టి కుట్టును వర్ణించినచో అది అమెరికా పుస్తకము. అయితే మిక్కిలి పాత ఆంగ్ల గ్రంథములలో సింగిల్ అనగా జారుకుట్టు. అట్టివానిని నమ్ముటకంటె, అరచేతి వెడల్పు ముక్క నల్లి బొమ్మతో పోల్చుటయే శ్రేయము. నక్షత్రపు గుర్తు కనబడినచోట, అచటినుండి మరల అల్లవలెనని భావము. '12 గుణిజమునకు 1 చేర్చి' యని యుండినచో 25, 37, 49 ఇట్లు గొలుసులు వేయవలెను.

ఆంగ్లము చదువలేని తల్లులకు ఇంతకంటె సులువైన మార్గమొకటి కలదు. అది గళ్ళ లేసు. చుక్కల ముగ్గు వేయు చేతికి దీనిని నేర్పనక్కరలేదు. బడిపిల్లల గళ్ళ కాగితముపై కొన్ని గడులు నల్లగా నింపి, కొన్నిటిని ఖాళీగా నుంచిన బొమ్మయే దీని నమూనా. ఖాళీ గడికి ఒక నిలువు కుట్టు, రెండు గొలుసులు. నిండు గడికి ఆ రెండు గొలుసులకు బదులు రెండు నిలువు కుట్లు. అంతియే. ఇరువది గడుల వెడల్పునకు మూడిరువదులు అరువది, దానికి ఐదు చేర్చి 65 గొలుసులు వేసి, సూదినుండి ఎనిమిదవ గొలుసులో మొదటి నిలువు కుట్టు వేయవలెను. ఇది మొదటి గడి ఖాళీయైనప్పటి లెక్క. మొదటి గడి నిండుదైనచో 63 గొలుసులు చాలును. నాలుగవ గొలుసులో మొదలిడవలెను. కాగితమును క్రిందినుండి పైకి చదువుచు, మొదటి వరుసను కుడినుండి ఎడమకును, రెండవదానిని ఎడమనుండి కుడికిని అల్లుకొనిపోవలెను.

ఈ పద్ధతిలో నమూనాను కొనవలసిన పనియే లేదు. ఓరుగల్లు కోటలోని శిలాతోరణముపై హంసలను చూడనివారు మనలో అరుదు. ఆ హంసను గళ్ళలోనికి దింపుడు. బతుకమ్మలో పేర్చు తంగేడు పూవును దింపుడు. చేతి బిగువునుబట్టి గడి సరిచదరముగా రాక కొంచెము నిలువుగా సాగవచ్చును; అప్పుడు హంస మెడ కొంగ మెడయగును. పది గడుల ముక్క ముందుగా అల్లి కొలిచి, నిలువున గడులు తగ్గించినచో సరిపోవును.

పరుల నమూనాలను వాడునప్పుడు ధర్మము తప్పరాదు. మన దేశపు చట్టమునుబట్టి, గ్రంథకర్త జీవితకాలమున ప్రకటితమైన గ్రంథముపై హక్కు వారి మరణానంతరము 60 సంవత్సరములవరకు నుండును. డిల్మాంట్ 1890లో మరణించినది గనుక ఆమె గ్రంథమునకు అడ్డులేదు. నేటివారి పుస్తకమును జిరాక్సు తీసి పదిమందికి అమ్ముట మాత్రము తగదు.

అమ్మదలచినవారు నూలు ఉండను అల్లుటకు ముందును, పిమ్మటను తూచి, పట్టిన నూలు ఎంతయో వ్రాసికొనవలెను. కూర్చున్న గంటలను గూడ వ్రాసికొనవలెను. ఆ గంటలకు మిర్చి ఏరినచో ఎంత కూలి వచ్చెడిదో లెక్కించి, దానికి నూలు ధర చేర్చి, అంతకు తక్కువకు అమ్మకుండుటయే మేము చెప్పగల ధర. యంత్రపు లేసు అంతకంటె చౌకగా దొరకును. దానితో పోటీపడి బజారులో అంచులు అమ్మజూచినచో చేతికి ఏమియు మిగులదు. ఊరి పేరు చెప్పునట్టి బొమ్మ, కొన్నవారి ఇంటి కొలతకు అల్లిన వస్తువు, ఈ రెంటికే గిరాకి యుండును.

నమూనాలను దాచుకొనుటకు ఒక గళ్ళ పుస్తకము చాలును. గొలుసునకు గొ, జారుకుట్టునకు జా, పొట్టి కుట్టునకు పొ, నిలువు కుట్టునకు ని అని తెలుగు పొల్లులు పెట్టుకొని, ఆంగ్ల పుటను ఒకసారి చదువుకొన్న కోడలో కూతురో అందులోనికి ఎత్తి వ్రాయవలెను. ప్రక్కన నూలు నెంబరు, సూది కొలత, పట్టిన నూలు, గంటలు. పుట అంచున, అల్లి చూచిన చిన్న ముక్కను రెండు కుట్లతో బిగింపవలెను. పసుపు పనిచేసిన చేతులతో మాత్రము ఆ పుస్తకమును, తెల్లనూలును ముట్టరాదు. ఆ మరక సబ్బునకు లొంగదు.