మళ్లీ 6–1 నుంచి!

‘నింజా గైడెన్’ కష్టంలో న్యాయమెంత, అన్యాయమెంత

జపాన్‌కు చెందిన టెక్మో సంస్థ 1988 డిసెంబరులో ఫ్యామికామ్ అనే ఇంటి ఆటల యంత్రం కోసం విడుదల చేసిన ‘నింజా ర్యూకెన్‌డెన్’, మరుసటి ఏడాది ‘నింజా గైడెన్’ పేరుతో అమెరికా చేరింది మొదలు, మహా కఠినమైన వీడియో గేముల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ముందు వరసలో నిలుస్తూనే ఉంది. స్పెయిన్‌కు చెందిన ద గేమ్ కిచెన్ బృందం పాతకాలపు పిక్సెల్ బొమ్మల శైలిలో రూపొందించిన ‘నింజా గైడెన్: రేజ్‌బౌండ్’ 2025 జులైలో రావడంతో ఆ తొలి ఆట కష్టం మీద చర్చ మరోసారి మొదలైంది. ఈ కథనానికి సందర్భం కొత్త ఆటే అయినా, పరిశీలన సాగేకొద్దీ దృష్టి అంతా పాత ఆటలోని ఆరో అంకం మీద, అందులోనూ ఆటగాళ్లు 6–2 అని పిలిచే స్టేజ్ మీద నిలిచిపోయింది. కష్టపెట్టి నేర్పే ఆటకూ, కష్టపెట్టి కేవలం కాలం హరించే ఆటకూ మధ్య ఉన్న గీత ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి అరుదు.

ప్లాట్‌ఫార్మర్ అంటే ఎత్తుపల్లాల గట్ల మీద నుంచి గెంతుతూ, గోతులు తప్పించుకుంటూ, తెర వెంట ముందుకు సాగిపోయే ఆట. ఇందులో కథానాయకుడైన ర్యూ హయబుసాకు ఒక కత్తి, గోడను పట్టుకుని ఎదుటి గోడ మీదికి గెంతగల నేర్పు, 16 గడుల ప్రాణశక్తి, వాడినకొద్దీ తరిగిపోయే శక్తితో ప్రయోగించే విసురు ఆయుధాలు ఉంటాయి. బటన్ నొక్కిన క్షణంలోనే ర్యూ కత్తి దూస్తాడు, గాల్లో ఉండగానే దిశ మార్చుకుంటాడు. అదే కాలపు ‘క్యాసిల్‌వేనియా’లో ఒకసారి గెంతాక దారి మార్చుకునే వీలుండదని గుర్తుచేసుకుంటే, ఆటగాడి చేతికి టెక్మో ఎంత స్వేచ్ఛనిచ్చిందో అర్థమవుతుంది. ఈ ఆట మీద అభిమానం పుట్టడానికి ఆ చురుకుదనమే మొదటి కారణం.

ఇక కష్టం ఎక్కడ పుడుతుందో చూడాలంటే ఒక గట్టు అంచున ఆగి చూడాలి. ఆటలోని శత్రువులు ముందుగానే రంగంలో కాచుకుని ఉండరు. తెర ముందుకు జరుగుతూ ఒక నిర్ణీత స్థానాన్ని చేరినప్పుడే అక్కడికి కేటాయించిన శత్రువు పుడతాడు. తెర రెండడుగులు వెనక్కి జరిగి మళ్లీ అదే స్థానాన్ని దాటితే, అప్పుడే చచ్చిన శత్రువు సైతం ఏమీ జరగనట్టు తిరిగి పుడతాడు. 6–2లో ర్యూ ఒక ఇరుకు గట్టు మీద నిలబడి ఉన్నాడనుకుంటే, ఎదురుగా గొయ్యి, దానికి అవతల దిగవలసిన చోటనే ఆయుధం విసిరే శత్రువు, పైనుంచి దూసుకొచ్చే డేగ కనిపిస్తాయి. ఆ డేగ ర్యూ ఉన్న చోటికి గురిపెట్టి వచ్చి, తప్పించుకుంటే కాస్త దాటిపోయి, వెనుదిరిగి మళ్లీ వస్తుంది. దాన్ని నరికి, ఊపు కోసం ఒక్క అడుగు వెనక్కి వేయగానే తెర వెనక్కి జరుగుతుంది, ముందుకు రాగానే మరో డేగ పుడుతుంది. జాగ్రత్తపడటం కోసం వేసిన అడుగే గండమై కూర్చుంటుంది.

దీనికి తోడు దెబ్బ తగిలిన ప్రతిసారీ ర్యూ అదుపు తప్పి వెనక్కి ఎగిరిపడతాడు. చదును నేల మీద ఇది చిన్న నష్టమే గానీ, గొయ్యి పక్కన మాత్రం ప్రాణశక్తి 16 గడులూ నిండుగా ఉన్నా ఒక్క డేగ తగిలితే చాలు, ఆ లైఫ్ పోయినట్టే. ప్రాణశక్తి అనే లెక్క ఆటగాడికి చూపిస్తూనే, అసలైన పరీక్షలన్నీ ఆ లెక్కతో పనిలేని చోట్ల పెట్టడం వల్లనే ఇంత ఆక్రోశం పుడుతోంది. పాత యంత్రాల శక్తి అంతంతమాత్రం కాబట్టి ఇలా చేయక తప్పలేదని సర్దిచెప్పేవారున్నారు. ఫ్యామికామ్‌కు అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్‌లో పనికి వాడుకునే మెమరీ 2 కిలోబైట్లే అన్నది నిజమే. అయితే ఒక శత్రువు చచ్చాడా, బతికున్నాడా అన్నది గుర్తుంచుకోవడానికి సమాచారంలో అతి చిన్న ప్రమాణమైన ఒక్క బిట్ చాలు. ఒక స్టేజ్‌లో 64 మంది శత్రువులున్నా 8 బైట్లతో సరిపోతుంది. అందువల్ల ఈ పునర్జన్మల నియమాన్ని యంత్రం నెత్తిన రుద్దడం సబబు కాదు, అది రూపకర్తల ఎంపికగానే చూడాలి.

ఆ ఎంపికను పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. శత్రువులు పుట్టే చోట్లు ఎన్నిసార్లు ఆడినా మారవు కాబట్టి, ఆటగాడు ఓడిన ప్రతిసారీ నిజమైన సమాచారం ఒకటి చేజిక్కుతుంది. ఏ అంచు దగ్గర ఆగకూడదో, ఏ డేగను గెంతు మధ్యలోనే నరకాలో తెలిసిన వేళ్లకు 6–2 ఒకే ఊపిరిలో సాగిపోయే తాళంలా అమరుతుంది. నేల మీద కత్తి దూస్తే ర్యూ పరుగు ఆగుతుంది గానీ, గాల్లో దూస్తే గమనం ఆగదు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టాక ఆటగాడు వెనకడుగు మానేస్తాడు, వెనకడుగు మానేస్తే పునర్జన్మల బెడదా తగ్గుతుంది. అతి తక్కువ సమయంలో ఆట ముగించాలని పోటీపడే స్పీడ్‌రన్నర్లు మొత్తం ఆరు అంకాలనూ 12 నిమిషాల లోపే పూర్తిచేయగలగడం ఈ స్థిరత్వం చలవే. కాబట్టి 6–2 క్రూరమైనదే అయినా న్యాయం తప్పినది కాదు.

న్యాయం తప్పినది 6–4. అక్కడ వరసగా ముగ్గురు ముఖ్య శత్రువులు, అంటే బాసులు ఎదురవుతారు. వారిలో ఎవరి చేతిలో ఓడినా, లైఫులు మిగిలే ఉన్నా, ఆటగాడు 6–1కి వెళ్లిపడతాడు. బాస్ ఎత్తుగడలను కొన్ని క్షణాలు గమనించే అవకాశం కోసం 6–1, 6–2, 6–3లను ప్రతిసారీ దాటుకుని రావాలి. ఓడించిన బాస్ మళ్లీ లేచి రాకపోవడం ఒక్కటే ఊరట. తెలియనిది నేర్చుకోనివ్వకుండా, వచ్చిన పాఠాన్నే పదే పదే అప్పగించమనడం శిక్షణ అనిపించుకోదు.

ఆట పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పుకుంటే, దర్శకత్వం హిడియో యోషిజావాది, చిత్రాల్లో ముఖ్యపాత్ర మసాటో కాటోది. తర్వాతి కాలంలో మొదటివారు నామ్కోలో ‘క్లొనోవా’ (1997) రూపొందించగా, రెండోవారు ‘క్రోనో ట్రిగ్గర్’ (1995) కథారచనలో పాలుపంచుకున్నారు. అంకానికీ అంకానికీ మధ్య ‘టెక్మో థియేటర్’ పేరిట సినిమా దృశ్యాల్లా కథ నడపడం ఆ రోజుల్లో కొత్త. వెన్నెల రాత్రి ద్వంద్వయుద్ధంలో పడిపోయిన తండ్రి కెన్ హయబుసా రాసిన ఉత్తరాన్ని అనుసరించి ర్యూ అమెరికా వెళ్లడంతో కథ మొదలవుతుంది. తర్వాతి దృశ్యం చూడాలనే ఆశే ఎంతోమందిని ఓటమి తర్వాత కూడా కూర్చోబెట్టింది. యూరప్‌లో ఇదే ఆట 1991లో ‘షాడో వారియర్స్’ పేరుతో వచ్చింది.

అద్దె క్యాసెట్ల చట్టం

1991లో వచ్చిన ‘నింజా గైడెన్’ మూడో భాగం జపాన్‌లో ఓ మోస్తరు కష్టంగానే ఉండగా, అమెరికా ప్రతిలో దెబ్బల తీవ్రత పెంచారు, ఆగిన చోటు నుంచి కొనసాగించే పాస్‌వర్డ్ తీసేశారు, ఓడాక కొనసాగించే అవకాశాలను అయిదుకు కుదించారు. అమెరికాలో ఆటలు అద్దెకు దొరకడమే ఇందుకు కారణమని, అద్దె గడువులోనే ఆట ముగిసిపోతే ఎవరూ కొనరన్న భయంతో ఇలా చేశారని విస్తృతంగా చెప్పుకుంటారు. అక్కడ 1990లో వచ్చిన చట్ట సవరణ కంప్యూటర్ ప్రోగ్రాములను అద్దెకివ్వడాన్ని నిషేధించినా, ఆటల కోసమే చేసిన యంత్రాల ప్రోగ్రాములకు మినహాయింపునిచ్చింది.

మన ఇళ్లలో

1990లలో తెలుగు పట్టణాల్లో టీవీకి తగిలించి ఆడిన చవక యంత్రాలు చాలావరకు ఈ ఫ్యామికామ్‌కు నకళ్లే. ‘మారియో’, ‘కాంట్రా’ల పసుపు క్యాసెట్లు గుర్తున్న తరానికి లైఫులన్నీ అయిపోతే మొదటి స్టేజ్‌కే పోవడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆటగాణ్ని శిక్షించే తీరు మారవచ్చని కొత్త ఆటలు నిరూపించాయి. ‘నింజా గైడెన్’ స్ఫూర్తితో కెనడాలో తయారైన ‘ద మెసెంజర్’ (2018)లో నాయకుడు చనిపోతే క్వార్బుల్ అనే చిన్న భూతం బతికించి, ప్రతిఫలంగా కాసేపు అతనికి దక్కాల్సిన సొమ్ము వసూలు చేసుకుంటుంది. అక్కడ పోయేది సంపాదన, సమయం కాదు. 2016లో నింటెండో తెచ్చిన బుల్లి ఎన్‌ఈఎస్‌లోనూ, తర్వాత స్విచ్ యంత్రంలోనూ పాత ఆటను కోరిన చోట ఆపి భద్రపరచుకునే సదుపాయం వచ్చింది. కొత్తగా ఈ ఆట పట్టేవారు 6–2ను మాత్రం ఆ సాయం లేకుండానే, పూర్తిగా సొంత చేతులతో నేర్చుకోవాలి. 6–4 గుమ్మంలో ఆటను నిరభ్యంతరంగా భద్రపరచుకోవచ్చు.