ఏటి నేలపై విమానాశ్రయము

నగరమధ్యమునకు కూతవేటు దూరమున, నదీతీరమున, విమానాశ్రయముండుట యెంత సౌకర్యమో, యెంత భారమో తెలిసికొనగోరువారు అమెరికా దేశమందలి సెయింట్ పాల్ నగరమును చూడవలెను. మిన్నెసోటా రాష్ట్రమునకు రాజధానియైన యీ పట్టణమున మిసిసిపీ నది పెద్ద వంపు తిరుగుచున్నది. ఆ వంపునందలి పల్లపు నేలలో 1926వ సంవత్సరమున వెలసిన విమానాశ్రయమునకు హోల్మన్ ఫీల్డ్ అని పేరు. ఏరు దాటినచో నగరపు నడిబజారే. దాని చరిత్రను మేము పాఠకుల యెదుట నుంచుట వింత చెప్పుటకు గాదు. ప్రజాధనముతో నిర్మితమై, నిత్యము కొందరికే యుపయోగపడు నిర్మాణమును తక్కినవారు ఎట్టి షరతులపై భరింపవలెనను ప్రశ్న యందు ఇమిడి యున్నది.

ఆ కాలమున విమానముల ముఖ్యవృత్తి ప్రయాణికులను మోయుట గాదు, తపాలాను మోయుట. 1926 అక్టోబరులో నార్త్‌వెస్ట్ ఎయిర్‌వేస్ అను కంపెనీ జంటనగరములైన మిన్నియాపొలిస్, సెయింట్ పాల్‌ల నుండి చికాగోకు తపాలా విమానములను నడపసాగెను. ఉత్తరములు విమానమున ఆదా చేసిన గంటలు బండిదారిలో నష్టము కారాదు గదా! కావున నగరమునకు సమీపమున చదునైన నేల కావలసి వచ్చెను. ఇండ్లు కట్టుటకు పనికిరాని చిత్తడి నేల విమానములకు పనికివచ్చెను. రాత్రివేళ దారి చూపుటకై 1929లో ఎదుటి గట్టు మీద 110 అడుగుల దీపస్తంభమును నిలిపిరి. ఆ గట్టు మీదనే ఆదిమవాసుల ప్రాచీన సమాధులు దిబ్బలై యున్నవి. డకోటా జాతివారికి అది పుణ్యస్థలము. పూర్వుల సమాధుల చెంత నిలిచి తపాలా విమానములకు త్రోవ జూపిన యా స్తంభము నేటికిని చెక్కుచెదరలేదు.

విమానాశ్రయమునకు పేరైన చార్లెస్ హోల్మన్ నార్త్‌వెస్ట్ కంపెనీ తొలి వైమానికుడు. 1928లో ఈ నగరముపై ఆకాశమున ఐదు గంటల కాలము ఎడతెగక 1,433 పల్టీలు కొట్టి జనులను విస్మయపరచెను. 1930లో చికాగోలో జరిగిన థామ్సన్ పందెమున విజయమునొందెను. మరుసటి యేట మే నెలలో ఒమాహా నగరమున ప్రదర్శనమధ్యమున విమానము కూలి దుర్మరణము పాలయ్యెను. ముప్పదిరెండేండ్ల వాని పేరును నగరము తన విమానాశ్రయమునకు శాశ్వతముగా నొసగినది.

అచటి రాతి కార్యాలయభవనమునకు గల చరిత్ర ఇంతకంటె గొప్పదని మా యభిప్రాయము. ఆర్థికమాంద్యమున పనిలేని వారికి పని చూపుటకై ఫెడరల్ ప్రభుత్వ మేర్పరచిన పథకము క్రింద, 1930 దశకము చివర, అది నిర్మింపబడెను. దాని నమూనా గీసినవాడు క్లారెన్స్ విగింగ్టన్ అను నీగ్రోజాతీయుడు. 1915లో నగర వాస్తుకార్యాలయమున చేరిన యితడు, అమెరికాలో పురపాలకోద్యోగియైన మొదటి నల్లజాతి వాస్తుశిల్పిగా గణుతికెక్కినవాడు. నల్లవారికి సైనికదళములందు సరియైన చోటు లేని 1918లో, గవర్నరుకు విన్నవించి రాష్ట్రరక్షకదళమున వారికొక పటాలమును సాధించిన ధీరుడు. వర్ణభేదము పాతుకొన్న దేశమున, అందరును త్రొక్కు గడపను అట్టివాని చేతులు తీర్చిదిద్దినవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ చిన్న మైదానము కర్మాగారమైనది. కర్మాగారములనుండి వచ్చిన బి-24 బాంబరు విమానములకు యుద్ధరంగమునకు దగిన మార్పులను వేలాది పనివారు ఇచట చేసిరి. అంతకు ముందు నుండియు జంటనగరములు, దాయాదులవలె, ఎవరి విమానాశ్రయము వారిదే గొప్పదని పోటీపడుచుండెను. రాష్ట్రశాసనసభ 1943లో ఉభయులకు కలిపి ఒక విమానాశ్రయ సంఘమును నెలకొల్పి యీ తగవును తీర్చినది. ప్రయాణికుల విమానములు రెండు నగరముల నడుమనున్న పెద్ద విమానాశ్రయమునకు చేరెను. హోల్మన్ ఫీల్డ్ దానికి సహాయస్థానమయ్యెను.

ఆ సహాయము చిన్నది గాదు. ఇద్దరు కూర్చుండు విమానమైనను, ఇన్నూరు మంది నెక్కించుకొను విమానమైనను, రన్‌వేపై దిగుటకు ఒక్కొక్క వంతు కావలసినదే. పైగా పెద్ద విమానము వెనుక రేగు గాలిసుడి చిన్నదానిని తలక్రిందులు చేయగలదు గనుక, రెంటి నడుమ అదనపు ఎడము విడువవలెను. చిన్నవాటిని వేరొక చోటికి మరల్చినచో పెద్ద విమానాశ్రయపు రద్దీ తగ్గును. వ్యాపారసంస్థల విమానములు, వైమానికశిక్షణ, నేషనల్ గార్డు సైనికుల హెలికాప్టర్లు ఇచట నడచుచున్నవి.

అయితే ఏరు తన నేలను మరువలేదు. ఈ విషయమున విమానాశ్రయమునకు పొరుగుననే యున్న వెస్ట్ సైడ్ ఫ్లాట్స్ అను పేట కథ పాఠకులు వినదగినది. దేశాంతరములనుండి వచ్చిన పేదలు, తొలుత తూర్పు యూరపు యూదులు, పిదప మెక్సికనులు, ఈ పల్లములో కాపురముండిరి. 1952 వరదలో వారి యిండ్లు మునిగెను. నగరాధికారులు వారిని రక్షించుటకు గట్టు కట్టలేదు. 1960 తరువాత ఇండ్లను కూల్చి, కుటుంబములను పంపివేసి, ఆ నేలను పరిశ్రమల కొసగిరి. కరకట్ట అప్పుడు లేచినది! 1965 ఏప్రిల్‌లో నగరచరిత్ర యందు ఎన్నడు నెరుగని వరద, 26 అడుగుల మట్టమున, వచ్చెను. ఆ కట్ట పరిశ్రమలను కాచినది. కట్టకు వెలుపలనున్న విమానాశ్రయము మునిగినది. 1993లోను, 2001లోను మరల అదే గతి పట్టినది.

తుదకు 2000ల దశకము చివర విమానాశ్రయమునకును వరదగోడ సిద్ధమయ్యెను. అందలి కొంతభాగము ఎల్లకాలము నిలిచియుండదు. అచటి వరదలు చాలవరకు వసంతమున మంచు కరగుటవలన వచ్చునవి గనుక ముందుగానే సూచన యందును. అప్పుడు స్తంభములు పాతి, పలకలు బిగించి, నీరు తీసిన పిదప విప్పివేయుదురు. 2019 వరదలో అట్లే చేసిరి. ఈ నిర్మాణము నిరాటంకముగ జరుగలేదు. ధనికుల విమానములకై ప్రజాధనమేల యని కొందరును, ఇచట అడ్డగించిన నీరు మరియొకరి యింటిపై బడదా యని కొందరును ప్రశ్నించిరి.

గోదావరీ కృష్ణాతీరవాసులకు ఈ రెండవ ప్రశ్న క్రొత్తది గాదు. ఒక గట్టు ఎత్తు పెరిగినచో ఎదుటిగట్టు రైతు గుండె ఎందుకు దడదడలాడునో మనకెవరును బోధింపనక్కరలేదు.

హోల్మన్ ఫీల్డును మూసివేయుట న్యాయమని మేము చెప్పము. అది చేయు సేవ యథార్థము, దాని చరిత్ర గౌరవార్హము. కాని వెస్ట్ సైడ్ ఫ్లాట్స్ నివాసులు కోరదగిన గట్టు వారు వెడలిన పిమ్మటనే వచ్చినదను సత్యమును ఆ గోడ ప్రక్కనే చెప్పుకొనక తప్పదు. ఏటి నేలపై నిలుపు ప్రతి నిర్మాణమునకు మూడు షరతులుండవలెను. దానివలన లాభమొందువారు తమ వంతు వ్యయమును తామే భరింపవలెను. ఒకచోట కాచిన నీరు వేరొకని ముంగిట చేరరాదు. రక్షణకు వరుస యేర్పరచునపుడు మనుష్యులున్న యిల్లు మొదటను, యంత్రములున్న కొట్టము పిదపను ఉండవలెను. ఈ మూడింటిని లెక్కలతో చూపగల పాలకులు గోడ కట్టుకొనవచ్చును. చూపలేనివారిని నిలదీయుట పౌరుల హక్కు మాత్రమే గాదు, విధియును.