చిన్న బోర్డు మీద చిన్న సిస్టమ్: రాస్ప్‌బెర్రీ పై, రిస్క్ ఓఎస్

కంప్యూటర్ అనగానే మనకు విండోస్ గుర్తుకు వస్తుంది. కొంచెం ఆసక్తి ఉన్నవారికి లైనక్స్ కూడా తెలిసి ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం లేని ఆపరేటింగ్ సిస్టమ్ మరొకటి ఉందనీ, అరచేతిలో ఇమిడే బోర్డు మీద దానిని ఎవరైనా నడుపుకోవచ్చుననీ తెలిసినవారు తక్కువ. దాని పేరు రిస్క్ ఓఎస్. ఈ పాఠంలో దానిని పరిచయం చేసుకుందాం.

ముందుగా ఒక ఊరిని మనసులో పెట్టుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో, ఒకప్పటి పెద్ద బస్తర్ జిల్లాకు దక్షిణపు కొసన, 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో గొల్లపల్లి ఉంది. తెలంగాణ సరిహద్దు అక్కడికి దూరం కాదు. అటువంటి ఊళ్లో చదువుకునే ఒక విద్యార్థికి, ఎవరో వాడి పక్కన పెట్టిన పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డు దొరికిందనుకుందాం. 2012లో వచ్చిన తొలి రకం అది. ప్రాసెసర్ వేగం 700 మెగాహెర్ట్జ్, మెమరీ 256 మెగాబైట్లు. దాని మీద ఇవాళ్టి లైనక్స్ డెస్క్‌టాప్ పెట్టి బ్రౌజర్ తెరిస్తే, పేజీ వచ్చేలోగా టీ తాగి రావచ్చు. మరి ఈ బోర్డు ఇక పనికిరాదా? పనికివస్తుంది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1981 చివరలో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ వచ్చింది. ప్రజలకు కంప్యూటర్ నేర్పాలని బీబీసీ టెలివిజన్ పాఠాలు తలపెట్టింది. వాటికి తోడుగా ఉండే యంత్రాన్ని కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ తయారుచేసింది. ఇందులో మనకూ వాటా ఉంది. 1984-85లో భారత ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద బడులలో కంప్యూటర్ విద్య మొదలుపెట్టినప్పుడు, తొలి విడతగా 250 పాఠశాలలకు పంపినవి ఈ బీబీసీ మైక్రోలే. మన దేశంలో ఒక తరం విద్యార్థులు తొలిసారి మీట నొక్కింది వీటి మీదే.

ఆ తర్వాత ఏకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కొత్త ప్రాసెసర్ ఒకటి రూపొందించారు. 1985 ఏప్రిల్‌లో తొలి చిప్ పనిచేసింది. దాని పేరు ఆర్మ్. ఈనాడు మీ జేబులోని సెల్‌ఫోన్‌లో ఉన్నది ఆ వంశపు ప్రాసెసరే. ఆ చిప్‌తో 1987లో ఆర్కిమెడీస్ అనే కంప్యూటర్ వచ్చింది. దాని కోసం హడావిడిగా ఆర్థర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. దానినే మెరుగుపరచి, 1989లో రిస్క్ ఓఎస్ 2 అన్నారు. ఏకార్న్ కాలగర్భంలో కలిసిపోయినా సిస్టమ్ నిలిచింది. 2006లో ఏర్పడిన రిస్క్ ఓఎస్ ఓపెన్ సంస్థ దానిని కాపాడుతూ వచ్చింది. 2018లో అది అపాచీ లైసెన్సు కిందికి వచ్చింది. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

రాస్ప్‌బెర్రీ పై ప్రాసెసర్ కూడా ఆర్మే. కాబట్టి ఈ సిస్టమ్ పై మీద పరాయిది కాదు, పుట్టింటికి వచ్చినట్టే. సిస్టమ్ ముఖ్యభాగం మొత్తం 5 మెగాబైట్ల ఆసుపాసులో ఉంటుంది. సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంత అన్నమాట. 256 మెగాబైట్ల మెమరీ దానికి విశాలమైన పెరడు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. 2 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు చాలు. తొలినాటి పై బోర్డుకైతే పెద్ద ఎస్‌డీ కార్డు కావాలి, లేదా అడాప్టర్ వాడాలి. రిస్క్ ఓఎస్ కార్డు ప్రతిరూపాన్ని మరో కంప్యూటర్‌లో ఒకసారి దింపుకొని కార్డు మీద రాయాలి. ఇంటర్నెట్‌తో పని అక్కడితో సరి. ఆ ఫైలును పట్నం నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా చెల్లుతుంది. కార్డు పెట్టి కరెంటు ఇవ్వగానే ముందు మేలుకునేది బోర్డులోని బొమ్మల ప్రాసెసర్. అది కార్డులోని ప్రారంభ ఫైళ్లు చదివి, ఏ సిస్టమ్‌ను మెమరీలోకి తేవాలో చూసి, దానిని ఎక్కించి, అప్పుడు ఆర్మ్‌ను లేపుతుంది. కొద్ది క్షణాల్లో తెర మీద డెస్క్‌టాప్ కనిపిస్తుంది.

ఇక్కడ మీకు కొంత తికమక తప్పదు. కిటికీల పైన మెనూ పట్టీ ఉండదు. మౌస్ మధ్య మీట నొక్కితే, అంటే చక్రాన్ని నొక్కితే, ఉన్నచోటనే మెనూ వస్తుంది. ఫైలు దాచాలంటే దాని గుర్తును లాగి, కావలసిన డైరెక్టరీ కిటికీలో వదలాలి. ఒకటి రెండు రోజులు చెయ్యి మొరాయిస్తుంది. తర్వాత మిగతా సిస్టమ్‌లే వింతగా తోస్తాయి.

విద్యార్థికి అసలు లాభం ఇంకొకచోట ఉంది. ఇందులో ఒక అప్లికేషన్ అంటే ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే పేరున్న ఒక డైరెక్టరీ, అంతే. రెండుసార్లు నొక్కితే అది నడుస్తుంది. షిఫ్ట్ పట్టుకొని నొక్కితే తెరుచుకుంటుంది. లోపల బొమ్మల ఫైలు, ఎలా ప్రారంభించాలో చెప్పే ఫైలు, అసలు ప్రోగ్రామ్ అన్నీ కళ్లముందే ఉంటాయి. ఎన్నో అప్లికేషన్లు బేసిక్ భాషలోనే రాసి ఉంటాయి కాబట్టి ఎడిట్‌లో తెరిచి వరుసవరుసగా చదవవచ్చు. ఒక అంకె మార్చి ఏమవుతుందో చూడవచ్చు. చెడిపోతే? ముందే తీసి ఉంచుకున్న నకలును దాని స్థానంలోకి లాగితే సరిపోతుంది. గడియారం వెనక మూత తీసి చక్రాలు చూసిన పిల్లవాడికీ, ముళ్లు మాత్రమే చూసినవాడికీ ఉన్నంత తేడా ఇక్కడ ఉంది.

ఎఫ్12 నొక్కి, బేసిక్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. క్లాస్ పథకం నాటి బడిపిల్లలు నేర్చిన బీబీసీ బేసిక్ మరింత ఎదిగిన రూపంలో మీ ముందుంటుంది. అందులోనే ఆర్మ్ ఆదేశాలు నేరుగా రాసే అసెంబ్లర్ కూడా ఉంది.

మరి తెలుగు? ఇది పెద్ద లోటే. మన ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చి చూపే ఏర్పాటు రిస్క్ ఓఎస్‌లో లేదు. అయితే బేసిక్‌లో వీడీయూ 23 అనే ఆదేశం ఉంది. దానితో ఒక అక్షరాన్ని 8 అడ్డవరుసలు, వరుసకు 8 చుక్కలుగా మీరే గీసుకోవచ్చు. గళ్ల కాగితం తీసుకొని ‘అ’ వేసి చూడండి. ఎనిమిది చుక్కల్లో మన గుండ్రటి అక్షరాలు ఇరుకున పడతాయి, రెండు గళ్లు పక్కపక్కన కలపవలసి వస్తుంది. తెర మీద అక్షరం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. కానీ తెలుగు పుస్తకం చదవాలంటే మాత్రం లైనక్స్ ఉన్న రెండో కార్డు దగ్గర ఉంచుకోండి. కార్డు మార్చితే బోర్డు మారినట్టే.

కరెంటు సంగతి కూడా చూద్దాం. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. బ్యాటరీ మన్నాలంటే అందులో సగమే, అంటే 42 వాడుకోవాలి. బోర్డు 2 వాట్లు తీసుకుంటే అది 21 గంటలు నడుస్తుంది. కానీ 18 వాట్ల మానిటర్ కలిపారో, రెండు గంటలకే సరి! శక్తిని తాగేది తెరే. ఈ లెక్కలో ఆపరేటింగ్ సిస్టమ్ వల్ల వచ్చే తేడా స్వల్పం. కాబట్టి కరెంటు ఆదా కోసమని రిస్క్ ఓఎస్ వేసుకోనక్కరలేదు.

కరెంటు హఠాత్తుగా పోవడం మాత్రం ప్రమాదమే. కార్డు మీద ఏదైనా రాస్తున్నప్పుడు పోతే డైరెక్టరీ చెడిపోవచ్చు. పని ముగియగానే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్12 కలిపి నొక్కి సక్రమంగా ఆపండి. పాత పై బోర్డులలో గడియారం కూడా ఉండదు. అవి వేళను నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుంటాయి. నెట్ లేని చోట తేదీని చేత్తో సరిచేసుకోవాలి, లేదా చిన్న గడియారపు చిప్ అమర్చుకోవాలి.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఒక ప్రోగ్రామ్ తన వంతు ముగించి మిగతావాటికి దారి ఇస్తేనే డెస్క్‌టాప్ కదులుతుంది. పంక్తి భోజనంలో ఒకరు గరిటె వదలకపోతే అందరూ ఆగినట్టే. అప్పుడు ఆల్ట్, బ్రేక్ మీటలు నొక్కి ఆ ప్రోగ్రామ్‌ను దింపేయాలి. నాలుగు ప్రాసెసర్ కోర్లున్న బోర్డు ఇచ్చినా ఇది ఒక్కదానినే వాడుకుంటుంది. వైఫై సదుపాయం 2024లో వచ్చిన 5.30 విడుదలతో గాని అందలేదు. బ్యాంకు పనులకు, వీడియోలకు దీనిని నమ్ముకోకండి.

అన్నిటికంటే చిక్కైనది ఒకటి ఉంది. ఈ సిస్టమ్ ఇంత చిన్నగా, ఇంత చురుగ్గా ఉండడానికి కారణం, చాలా భాగం 32 బిట్ల ఆర్మ్ చిప్ భాషలోనే రాసి ఉండడం. ఆ గుణమే ఇప్పుడు దానికి అడ్డు. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 ప్రాసెసర్‌లో మామూలు ప్రోగ్రాములకు 32 బిట్ల ఆదేశాలు చెల్లుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అవసరమైన పై అధికార స్థాయిలో మాత్రం చెల్లవు. అందువల్ల రిస్క్ ఓఎస్ ఆ బోర్డు మీద సొంతంగా లేవలేదు. లైనక్స్ మీద అతిథిగా నడిపే మార్గం ఒకటి ఉంది. సొంత కాళ్ల మీద నిలబడాలంటే ముఖ్యభాగాన్ని తిరగరాయాలి. సీ భాషలో రాసిన సిస్టమ్‌లకు ఇంత కష్టం లేదు, కొత్త చిప్‌కు తగిన కంపైలర్‌తో చాలా భాగం గట్టెక్కుతుంది.

కాబట్టి బోర్డు కొనేటప్పుడు కొత్తది కదా అని పై 5 తీసుకోకండి. తొలి రకం నుంచి పై 4 వరకు, చిన్నదైన జీరోతో సహా, రిస్క్ ఓఎస్‌కు సరిపోతాయి. వాడినది అయినా ఫరవాలేదు. కొనేముందు కార్డు పెట్టే గాడి వదులుగా లేదని, కరెంటు ఇవ్వగానే ఎర్రదీపం నిలకడగా వెలుగుతోందని చూసుకోండి.