అల్యూమినియం పందిరి: అందం కంటే ముందు గాలి లెక్క

పెరట్లో పందిరి తెలుగువారికి కొత్త కాదు. వెదురు గడలు, తాటాకులు, బీర, ఆనప తీగలతో దక్కిన ఆ నీడ ఇప్పుడు నగరాల్లోని విడి ఇళ్లలో, విల్లాలలో లోహరూపం ధరిస్తోంది. మార్కెట్లో దీనిని పెర్గోలా అంటున్నారు. ముందుకు పొడుచుకువచ్చిన చూరును సూచించే ‘పెర్గులా’ అనే లాటిన్ పదమే దీనికి మూలం. నాలుగు స్తంభాలు, వాటిపై దూలాలు, ఆపైన వరుసగా పట్టీలు ఉండే ఈ నిర్మాణాన్ని చాలామంది రంగును, ఆకృతిని చూసి ఎంచుకుంటారు. పందిరి పెద్దదైనప్పుడు మొదట చూడవలసినవి గాలి, ఎండ.

తేలికదనమే బలం, బలహీనత

అల్యూమినియం తుప్పు పట్టి రాలిపోదు, దానికి చెదలు పట్టవు. దాని బరువు ఉక్కులో దాదాపు మూడో వంతు. దృఢత్వం కూడా దాదాపు మూడో వంతే కావడం గమనించవలసిన విషయం. ఒకే కొలత గల దూలాలపై ఒకే భారం వేస్తే అల్యూమినియం దూలం ఉక్కుకన్నా మూడింతలు వంగుతుంది. స్తంభాల మధ్య దూరం పెరిగేకొద్దీ దూలం లోతును పెంచక తప్పదు. 20 అడుగుల పొడవైన పందిరికి మధ్యలో అదనపు స్తంభాలు కోరడం పిసినారితనం కాదు, వివేకం.

భవనాలపై గాలి భారాన్ని లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మూల గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విశాఖపట్నం, చెన్నైలకు 50. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అందువల్ల బెంగళూరులో నిలిచిన నమూనాకు విశాఖలో రెండింతలకు మించిన ఒత్తిడి ఎదురుకావచ్చు. సెకనుకు 50 మీటర్ల వేగంలో ఆ ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుకు సమానం. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పందిరి వైశాల్యం సుమారు 22 చదరపు మీటర్లు. పట్టీల మధ్య ఖాళీలుంటే గాలి చాలావరకు దాటిపోతుంది. వాటిపై పాలికార్బనేట్ రేకు పరచగానే అదే పందిరి పైకప్పుగా మారి, గాలికి పైకి లేచే ప్రమాదం ఏర్పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చవిచూసిన విశాఖ వాసులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

కనుక స్తంభాలను గచ్చు పలకలకు కాక, కాంక్రీటు పునాదులకు యాంకర్ బోల్టులతో బిగించాలి. మేడపైన అయితే స్లాబుకు ఎక్కడపడితే అక్కడ రంధ్రాలు చేయరాదు. నీటి నిరోధక పొర చెడి కింది గదులు కారుతాయి. ఎక్కడ బిగించాలో స్ట్రక్చరల్ ఇంజనీరు నిర్ణయించాలి.

పట్టీలు ఏ దిక్కుకు?

తెలుగు రాష్ట్రాలు కర్కాటకరేఖకు దక్షిణాన ఉన్నందున సూర్యుడు ఇక్కడ ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మొదటిసారి మే రెండో వారంలో ఇది జరుగుతుంది. ఆ రోజుల్లో తూర్పు పడమరలుగా పరచిన పట్టీలు సూర్యుడి దారికి సమాంతరంగా ఉండి రోజంతా స్వల్పంగానే నీడనిస్తాయి. ఉత్తర దక్షిణాలుగా పరచినవి మధ్యాహ్నం నుంచి క్రమంగా నీడను పెంచుతాయి. పట్టీ లోతు, రెండు పట్టీల మధ్య ఎడం సమానంగా ఉంటే మూడు గంటలు దాటాక నీడ దాదాపు పూర్తవుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా నీడ కావాలంటే తిప్పగల లూవర్లో, వస్త్రమో, తీగలో అవసరం. వస్త్రం అమర్చితే తుపాను హెచ్చరిక రాగానే విప్పగలిగేలా ఉండాలి.

కొనేటప్పుడు అడగవలసినవి

నిర్మాణ పనులకు విరివిగా వాడే 6063 మిశ్రలోహమేనా, గోడ మందం ఎంత, పౌడర్ కోటింగ్ 60 నుంచి 80 మైక్రాన్ల వరకు ఉందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. తీరప్రాంతంలో స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వాడాలి. అవి అల్యూమినియాన్ని నేరుగా తాకకుండా నైలాన్ వాషర్లు వేయాలి. లేకుంటే ఉప్పు తేమలో రెండు లోహాల కలయిక వద్ద అల్యూమినియం తినివేతకు గురవుతుంది. పచ్చి సిమెంటు కూడా ఈ లోహానికి పడదు. 6 మీటర్ల దూలం 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు 5 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది కాబట్టి అతుకుల వద్ద కదలికకు చోటుండాలి.

అలంకరణ

లేత రంగులు ఎండను తక్కువగా గ్రహిస్తాయి. వేసవిలో కాలిన లోహానికి తగిలి లేత తీగలు వాడిపోకుండా, కొబ్బరి తాళ్లు కట్టి సన్నజాజిని, రాధామనోహరాన్ని వాటిపైకి పాకించవచ్చు. దీపాలు అమర్చితే లోహపు చట్రానికి ఎర్తింగ్, ఆ సర్క్యూట్‌కు లీకేజీని పసిగట్టి సరఫరా ఆపే బ్రేకరు తప్పనిసరి. కింద పిల్లలు ఆడుకునే చోట ఈ రెండింటి ఖర్చును మిగుల్చుకోవాలని చూడరాదు.