పొగ లేని మంటకు గొట్టమెందుకు?

మా ఆత్రేయపురం పేరు చెబితే అందరికీ పూతరేకులు గుర్తుకొస్తాయి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ కుండమీద పరిచి లాగితే రేకు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే నేను చెప్పబోయేది రేకు గురించి కాదు, దాని కింద మంట గురించి. ఆ మంట ముందు కూచునేవాళ్ళకి గాలి ఎటు వీస్తోందో ఒకరు చెప్పక్కర్లేదు. పొగ కళ్ళల్లో పడితే తామే జరుగుతారు, లేదా తలుపు బార్లా తీస్తారు.

స్నానాల నీళ్ళకీ ఒకప్పుడు ఇదే పద్ధతి. పెరట్లో కాగు, దాని కింద కొబ్బరి డొక్కలు. తరవాత రాగి బాయిలరు వచ్చింది. దాని నడుమ నిలువుగా ఉండే గొట్టం పొగని పైకి పంపేస్తుంది, ఆ వేడికే చుట్టూ నీళ్ళు కాగుతాయి. ఏదైనా ఆరుబయటే. ఇప్పుడేమో గ్యాసు గీజరు బాత్‌రూము గోడకెక్కింది. పొగ పోయింది, పొగతోపాటు గొట్టమూ పోయింది. చిక్కంతా ఇక్కడే ఉంది.

పోయిన సంక్రాంతికి మా బాబాయి కొత్తింట్లో గీజరు బిగిస్తున్నారు. గొట్టం ఏదని అడిగాను. "దీనికి పొగే రాదు కదా బాబుగారూ, గొట్టం ఎందుకండీ? సిన్న డబ్బా!" అన్నాడు మేస్త్రీ. అతన్ని తప్పుపట్టలేం, చదువుకున్నవాళ్ళలో కూడా చాలామంది అనుకునేది అదే.

ఆ చిన్న డబ్బా లెక్క చూద్దాం. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్ళు కాచే గీజరు పూర్తిగా మండితే గంటకి ముప్పాతిక కిలో నుంచి కిలో దాకా గ్యాసు తాగుతుంది. అంటే వంటింటి పొయ్యి బర్నర్లు ఐదారు ఒక్కసారి వెలిగించినట్టు! కిలో గ్యాసు సరిగా మండాలంటే పన్నెండు, పదమూడు ఘనపు మీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న బాత్‌రూములో ఉన్న గాలి మొత్తం ఏడు ఘనపు మీటర్లకి లోపే. పావుగంట తలంటుకి మూడు ఘనపు మీటర్లు ఖర్చయిపోతే, మిగిలిన దాంట్లో మంటకీ మనిషికీ పోటీ.

ప్రాణవాయువు చాలినంత ఉంటే గ్యాసు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోతుంది. చాలనప్పుడు మంట సగంలో ఆగుతుంది, కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. రక్తంలోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటే దీన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో ఇది వెయ్యో వంతు ఉంటే గంట, రెండు గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. వందో వంతైతే నిమిషాల మాట. ముందు తలనొప్పి, తరవాత తల తిరుగుడు, వాంతి వచ్చినట్టుండటం. ఈలోగా కాళ్ళలో సత్తువ పోతుంది. తలుపు గడియ చేతికందే దూరంలోనే ఉంటుంది, తియ్యడానికి శక్తి ఉండదు.

గ్యాసంటే మా కోనసీమవాళ్ళకి భయం లేక కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గొట్టపు మార్గం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. అందుకని గ్యాసు అనగానే మనం మంటకి, పేలుడుకి భయపడతాం. సిలిండరు గ్యాసు లీకైతే తెలియాలని మెర్‌కాప్టను అనే ఘాటు వాసన కలుపుతారు కూడా. కానీ ఆ వాసన మంటలో కాలిపోతుంది. కాలిన తరవాత వచ్చేదానికి ఏ వాసనా ఉండదు. అంటే లీకు లేదని నిశ్చింతగా ఉన్న ఇంట్లోనే ఈ ప్రమాదం జరగవచ్చు.

మరి ఏం చెయ్యాలి? అన్నిటికంటే మేలైనది గీజరుని బాత్‌రూములోంచి బయటికి పంపడం. వానజల్లు, గాలి విసురు తగలకుండా పెరటి గోడకి చూరు కింద బిగించి, వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. పక్కన పడగ్గది కిటికీ ఉండకూడదు. కాగు పెరట్లో పెట్టిన ముత్తవ్వలు చేసింది ఇదే కదా! బజారులో దొరికే చిన్న రకాలకి పైన కంతలే తప్ప గొట్టం తగిలించే మూతి ఉండదు. వాటికి ఇది తప్ప దారి లేదు. రేకు చుట్టి గొట్టంలా చెయ్యడం పనికిరాదు.

గొట్టం ఉన్న రకమైతే ఆ గొట్టం లోహంతో ఉండాలి. నీళ్ళ పైపు మిగిలింది కదా అని ప్లాస్టిక్ ముక్క పెడితే వేడికి మెత్తబడి వంగిపోతుంది. మూతి ఎంత వెడల్పో గొట్టం చివరిదాకా అంతే ఉండాలి. వేడిగాలి తేలిక కాబట్టి మొదట నిటారుగా లేవాలి. అడ్డంగా పోయే భాగం పొట్టిగా, బయటికి పోయేకొద్దీ పైకి వాలి ఉండాలి. చివర ఇంటి కప్పు దాటి టోపీ పెట్టాలి. ఫ్యానుతో నెట్టే రకాలకి లెక్క వేరు, కంపెనీ ఇచ్చిన పుస్తకం చూసి బిగించాల్సిందే.

గొట్టం ఒక్కటీ చాలదు. బయటికి పోయిన గాలికి బదులు లోపలికి రావాలి కదా? తలుపు కిందనో గోడ అడుగునో మూయని కంత కావాలి. దోమలొస్తాయని వెంటిలేటరుకి అట్టముక్క కొట్టే ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. అట్ట తీసి దోమల జాలీ కొట్టండి.

ఎగ్జాస్టు ఫ్యాను ఉందిగా అంటారు కొందరు. లోపలికి గాలి వచ్చే దారి లేనప్పుడు ఆ ఫ్యాను గాలిని గీజరు గొట్టంలోంచే వెనక్కి లాగుతుంది, పైకి పోవలసిన విషం గదిలోకి దిగుతుంది. అనుమానముంటే ముందు లీకు వాసన లేదని చూసుకుని, తలుపు మూసి, ఫ్యాను వేసి, గీజరు అయిదు నిమిషాలు వెలిగించి, గొట్టం మొదట్లో ఉండే గొడుగు అంచున అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగితే సరే. మొహం మీదికి తంతే గీజరు ఆపేసి బయటికి వచ్చెయ్యండి.

మా బాబాయి రెండు రోజులు గొణిగి, చివరికి గీజరుని పెరటి గోడకి మార్పించాడు. నీళ్ళు వచ్చేసరికి చల్లారుతున్నాయని పిన్ని ఇప్పటికీ అంటుంది. పైపుకి గుడ్డ చుట్టమన్నాను.

ఎవరైనా స్నానానికి వెళ్ళి పలక్కపోతే తలుపు పగలగొట్టడానికి వెనుకాడొద్దు. తలుపులు తెరిచి, గీజరు ఆపి, మనిషిని ముందు ఆరుబయటికి తేవాలి. ఊపిరి పీల్చకపోతే నోటితో ఊది, గుండె మీద నొక్కుతూ 108కి ఫోను చేయించండి. 2020లో కరోనా వచ్చాక ఇంటింటా వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు చేరింది; దాన్ని ఇక్కడ నమ్మకండి. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని కూడా అది ప్రాణవాయువు ఉన్న రక్తంగానే లెక్కేసి తొంభై ఎనిమిది చూపిస్తుంది. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆస్పత్రిలో శుద్ధ ప్రాణవాయువు పెడితే గంట, గంటన్నర. అందుకని డాక్టరుగారితో "స్నానాలగదిలో పడిపోయాడండీ" అని ఊరుకోకుండా, "గ్యాసు గీజరు వెలుగుతున్న గదిలో పడిపోయాడండీ" అని చెప్పండి.