ఎవరి ఉత్తరాలు వాళ్లకే

షోలాపూర్‌లో మన ఇళ్లల్లో కంప్యూటర్ ఒకటే, వాడేది నలుగురు. మా ఇంట్లో లినక్స్ మీద థండర్‌బర్డ్ ఉంది. గుర్తు నొక్కితే నాన్న పీఎఫ్ ఉత్తరాలు, చెల్లి కాలేజీ ఉత్తరాలు ఒకేచోట తెరుచుకునేవి.

విడివిడిగా కావాలంటే ముందు థండర్‌బర్డ్ మూసేయండి. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో దాని పేరు రాసి, ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దానికి ఆనించి పెద్ద అక్షరం పీ కొట్టి ఎంటర్ నొక్కండి. ప్రొఫైళ్ల పట్టీ వస్తుంది. మనిషికొకటి చేసుకోవచ్చు.

అయితే ఈ గదులకు తాళం లేదు. ఏ పేరు నొక్కినా తెరుచుకుంటుంది. పీఎఫ్, బ్యాంకు ఉత్తరాలు వచ్చేవాళ్లు లినక్స్‌లోనే మనిషికో లాగిన్, పాస్‌వర్డ్ పెట్టుకోండి. మేమూ అలాగే పెట్టుకున్నాం. నాన్న తన ఉత్తరం ఇప్పుడు తానే ముందుగా చదువుకుంటున్నారు.