పిట్ట ఊపిరి – గని కార్మికుని ప్రాణం

గోదావరిఖనిలో ఫజ్ర్ నమాజు ముగిసి మస్జిద్ మెట్లు దిగే వేళకు రెండు ప్రయాణాలు మొదలవుతాయి. టిఫిన్ డబ్బా చేతబట్టి మొదటి షిఫ్టు కార్మికుడు బొగ్గుబాయి వైపు సాగుతాడు. క్వార్టర్ల నడుమ వేపచెట్ల మీది గోరింకలు, రామచిలుకలు గోదావరి వైపు రెక్కలు విప్పుతాయి. ఒకరి దారి భూగర్భంలోకి, మరొకరి దారి ఆకాశంలోకి. అయినా ఈ ఇద్దరికీ ఒక పాత బంధముంది.

గనిలో నిప్పంటుకున్నా, పేలుడు సంభవించినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి గుర్తించేలోపే స్పృహ తప్పుతుంది. 1890లలో బ్రిటన్ గని ప్రమాదాలను పరిశోధించిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్, ఈ వాయువును పసిగట్టేందుకు చిన్న జీవులను వెంట తీసుకువెళ్లమని సూచించాడు. అలా కేనరీ అనే పసుపు పిట్ట గనిలోకి దిగింది. అది కొమ్మ మీది నుండి తూలి పడితే కార్మికులు వెనుదిరిగేవారు. పిట్టను తిరిగి బ్రతికించేందుకు చిన్న ఆక్సిజన్ సిలిండరు అమర్చిన పంజరాలు కూడా ఉండేవి. బ్రిటన్‌లో 1986లో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చి ఆ పిట్టలకు విశ్రాంతినిచ్చాయి.

మనిషి కంటే ముందు పిట్టకే విషం ఎందుకు సోకుతుంది? దానికి జవాబు ఎగరడం కోసం రూపొందిన దాని శరీరంలోనే ఉంది. మన ఊపిరితిత్తుల్లోకి గాలి వచ్చిన దారినే తిరిగి పోతుంది. కొంత పాత గాలి ఎప్పుడూ లోపలే మిగిలిపోతుంది. పక్షికి ఊపిరితిత్తులతో పాటు సాధారణంగా తొమ్మిది గాలి సంచులుంటాయి. పీల్చిన గాలిలో అధిక భాగం ముందుగా వెనుక సంచులకు చేరుతుంది; ఊపిరి వదిలేటప్పుడు అక్కడి నుండి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మరుసటి శ్వాసలో ముందు సంచులకు మారి, ఆపై వెలుపలికి పోతుంది. అంటే పీల్చినప్పుడూ, వదిలినప్పుడూ ఊపిరితిత్తుల్లో తాజా గాలి ఒకే దిశలో ప్రవహిస్తూనే ఉంటుంది. పైగా చిన్న పిట్ట వేగంగా శ్వాసిస్తుంది. ఆక్సిజన్ ఎంత త్వరగా అందుతుందో, గనిలో విషమూ అంతే త్వరగా అందుతుంది. ఈ ఊపిరి బలంతోనే బార్‌హెడెడ్ బాతులు హిమాలయాలను దాటుతాయి. అవి 7,000 మీటర్లకు పైగా ఎత్తులో ఎగిరినట్లు నమోదైంది.

ఎగిరేందుకు బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు. అందుకే పక్షి ఎముకలు చాలావరకు బోలుగా ఉంటాయి. లోపల సన్నని అడ్డుకమ్ములు వాటిని విరగకుండా కాపాడతాయి. ఫ్రిగేట్ అనే సముద్రపక్షి అస్థిపంజరం దాని ఈకల కంటే తేలిక! పళ్ల బరువు లేదు. గింజలను కడుపులోని కండరపు సంచి నూరుతుంది. రొమ్ముటెముక పడవ అడుగులా ముందుకు పొడుచుకువచ్చి బలిష్ఠమైన రెక్క కండరాలకు ఆధారమిస్తుంది. రెక్కను పైకి లేపే కండరం కూడా రొమ్ము కిందనే ఉంది. దాని స్నాయువు భుజం మీదుగా, బావి గిలక మీద చేంతాడులా సాగి రెక్కను ఎత్తుతుంది. బరువంతా కింద ఉండటం వల్ల గాలిలో పక్షి తూలదు.

తోక పని ఏమిటో ఒక ముస్లిం మేధావి కష్టపడి నేర్చుకున్నాడు. తొమ్మిదవ శతాబ్దపు స్పెయిన్‌లో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని గాలిలోకి దూకాడని, కొంత దూరం సాగి, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలించుకున్నాడని చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. పక్షి దిగేటప్పుడు తోకను ఆసరా చేసుకుంటుందని, ఆయన తోక అమర్చుకోలేదని కూడా పేర్కొన్నాడు.

తలపై రెక్కలు చాస్తూ, ముడుస్తూ సాగే పక్షులను చూసి యోచించమని దివ్య ఖుర్ఆన్‌లోని ముల్క్ సూరా 19వ ఆయతు మనల్ని పిలుస్తుంది. యోచించిన మనసుకు రెండు బాధ్యతలు తోచాలి.

మొదటిది పంజరం. మేత పెట్టి ప్రేమగా సాకుతున్నాం కదా అనవచ్చు. కాని ఎముక నుండి ఊపిరి దాకా ఎగరడానికే రూపొందిన శరీరానికి జానెడు చోటు చాలదు. మన రామచిలుకలను పట్టడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

రెండవది నీళ్లు. పక్షులకు స్వేదగ్రంథులు లేవు. ఎండ మండితే అవి నోరు తెరిచి వగరుస్తాయి. లోపలి తేమ ఆవిరై ఒంటిని చల్లబరుస్తుంది. అలా పోయిన నీరు తిరిగి దొరకాలి. బొగ్గుగనుల ప్రాంతపు ఎండాకాలం ఎలా ఉంటుందో రామగుండం వాసులకు చెప్పనక్కరలేదు. దప్పికగొన్న కుక్కకు నీళ్లు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని ప్రవక్త (స) తెలియజేశారు. ఇంటి గోడ నీడలో ఒక మట్టి మూకుడు పెట్టి, రోజూ కడిగి నీళ్లు పోసే పని పిల్లలకు అప్పగిద్దాం.

ఎక్కడో ఒక గనిలో పిట్ట తన ఊపిరి ఇచ్చి మనిషిని కాపాడింది. గుక్కెడు నీళ్లతో ఆ రుణం తీరకపోవచ్చు. గుర్తుంచుకున్నట్టు మాత్రం అవుతుంది.